డిట్రాయిట్ మేయర్లు, వీధి దీపాలు, కింది వాటా పెద్దాయన

మా నాన్నగారు కోస్తాలోని ఒక చిన్న మునిసిపాలిటీలో ముప్ఫై రెండేళ్లు వీధి దీపాల విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ప్రతి సాయంత్రం దీపాలు వెలిగే వేళకు సైకిలు మీద వార్డులు తిరిగి, ఏ స్తంభం మీద బల్బు ఆరిపోయిందో చూసి, ఆ స్తంభానికి తెల్ల పెయింటుతో వేసిన నంబరును చేతి పుస్తకంలో రాసుకుని, మర్నాడు పొద్దున్నే లైన్‌మన్‌కు చీటీ ఇచ్చేవారు. చిన్నప్పుడు సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని నేనూ ఆయనతో తిరిగేవాణ్ణి కనుక, ఏ ఊరికి వెళ్లినా చీకటి పడగానే తలెత్తి స్తంభాల వంక చూడడం నాకూ అలవాటైపోయింది. "దీపం వెలగని ఇంటికి వెళ్లి పన్ను కట్టమని ఏ మొహం పెట్టుకుని అడుగుతాంరా" అనేవారు ఆయన. అమెరికాలోని డిట్రాయిట్ నగరంతో నాకున్న పరిచయాన్ని ఎవరికైనా చెప్పవలసి వచ్చినప్పుడు నేను ఆ మాట దగ్గరే మొదలుపెడతాను.

1996 ఆగస్టులో డిట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చదవడానికి వచ్చి, క్యాంపస్‌కు నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఒక పాత రెండంతస్తుల ఇంట్లో పైవాటా అద్దెకు తీసుకున్నాను. కింది వాటాలో ఇంటి యజమాని ఉండేవారు. ఆయన 1961లో సిటీ బస్సు డ్రైవరుగా చేరి, మూడు దశాబ్దాలకు పైగా ఉడ్‌వర్డ్ అవెన్యూ మీదా గ్రేషియట్ మీదా బండి నడిపి, అప్పటికి మూడేళ్ల క్రితమే పదవీ విరమణ చేసిన నల్లజాతి పెద్దాయన. భార్య పోయింది, పిల్లలు వేరే రాష్ట్రాల్లో స్థిరపడ్డారు. సాయంత్రం కాగానే ముందు వరండాలో ఇనుప కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నేను వచ్చిన మొదటి రాత్రి మా వీధిలో చాలా స్తంభాలు చీకటిగా ఉండడం చూసి, కరెంటు పోయిందా అని అడిగాను. ఆయన కాసేపు నా మొహం చూసి, కరెంటు ఉందనీ, ఊరే కొంచెం కొంచెంగా వెళ్లిపోతోందనీ చెప్పారు.

ఆ మాటకు అర్థం నాకు తర్వాత తెలిసింది. 1950లో ఈ నగర జనాభా 18,49,568. ప్రపంచానికి కార్లు చేసిపెట్టిన ఊరు, కూలివాడు సొంత ఇల్లు కట్టుకోగలిగిన ఊరు అని పేరు. నేను వచ్చేసరికి అందులో దాదాపు సగం మంది లేరు; 2000 జనాభా లెక్కల్లో 9,51,270 తేలింది. ఊరు మాత్రం 18 లక్షల మందికి సరిపడా పరిచినది. ఆ రోడ్లు, ఆ పైపులు, ఆ దీపాలు, ఆ ఫైర్ స్టేషన్లు అలాగే ఉన్నాయి, వాటిని పోషించవలసిన పన్ను సగం మందే కట్టాలి. మా నాన్నగారి వంటి ఉద్యోగి ఎవరైనా ఆ లెక్క చూస్తే ఒక్క క్షణంలో ప్రమాదాన్ని పసిగట్టేవారు.

మన ఊళ్లలో పెద్దవాళ్లు ఉప్పెన వచ్చిన ఏడు, కరువు వచ్చిన ఏడు అని సంవత్సరాలను గుర్తుపెట్టుకున్నట్టే, పెద్దాయన తన జీవితాన్ని మేయర్ల పేర్లతో గుర్తుపెట్టుకున్నారు. పెళ్లి కావనా కాలంలో జరిగింది, ఇల్లు కోల్‌మన్ యంగ్ మొదటి టర్ములో కొన్నారు, భార్య ఆర్చర్ గెలిచిన ఏడాది పోయింది. ఆయన చెప్పిన ప్రతి సంగతినీ నేను మర్నాడు క్యాంపస్ లైబ్రరీలో పాత పత్రికల మైక్రోఫిల్ముల్లో వెతికి చూసేవాణ్ణి. నా థీసిస్‌కు దానితో ఏ సంబంధమూ లేదు కానీ, ఆ రెండేళ్లలో నేను శ్రద్ధగా చదివినది అదేనని ఇప్పుడు అనిపిస్తుంది.

ఒక ఆదివారం ఆయన నన్ను గ్రాండ్ సర్కస్ పార్కుకు తీసుకువెళ్లి, కుర్చీలో కూర్చున్న ఒక పెద్దమనిషి విగ్రహాన్ని చూపించారు. ఆయన హేజెన్ పింగ్రీ, 1890 నుంచి 1897 వరకు మేయరు. బూట్ల ఫ్యాక్టరీ యజమాని కదా, తమ మాట వింటాడని ఊళ్లోని పెద్దలు ఎన్నిక చేయించుకుంటే, ఆయన ట్రామ్ కంపెనీల మీదా కరెంటు కంపెనీల మీదా విరుచుకుపడ్డాడు. ప్రైవేటు కంపెనీ వీధి దీపాలకు ఎక్కువ వసూలు చేస్తోందని చెప్పి నగరానికి సొంత దీపాల విభాగం పెట్టించినది కూడా ఆయనే. 1893 ఆర్థిక సంక్షోభంలో వేలమందికి పని పోయినప్పుడు, ఖాళీ స్థలాల్లో బంగాళాదుంపలు పండించుకోమని నిరుద్యోగులకు భూమి ఇప్పించాడు. స్కూలు బోర్డు సభ్యులు లంచాలు తీసుకుంటున్నారని తెలిసి, 1894లో పోలీసులను వెంటబెట్టుకుని బోర్డు సమావేశానికే వెళ్లి కొందరిని అక్కడికక్కడే అరెస్టు చేయించాడు. ఆ విగ్రహం కింద నిలబడి పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకోవడం నాకు బాగా గుర్తు.

పింగ్రీ వంటివాడి తర్వాత నగరానికి వేరే రకం వాళ్లూ దాపురించారు. 1930లో చార్లెస్ బౌల్స్ అనే మేయరు ఆరునెలలు తిరిగేసరికి ప్రజలు రీకాల్ ఓటు వేసి దించేశారు. ఆ రాత్రే, రేడియోలో జూదగాళ్ల మీదా అవినీతి మీదా మాట్లాడే జెర్రీ బక్లీని ఒక హోటల్ లాబీలో కాల్చి చంపారు. 1938లో వచ్చిన రిచర్డ్ రీడింగ్, నంబర్లాట అనే అక్రమ లాటరీ నడిపేవాళ్ల దగ్గర మామూళ్లు తీసుకున్నాడని తర్వాత కోర్టులో రుజువై జైలుకు వెళ్లాడు. పోలీసులకు ముడుపులు అందుతున్నాయని ఉత్తరాలు రాసి ఒక స్త్రీ ఆత్మహత్య చేసుకోవడంతో ఆ గుట్టు బయటపడింది. ఇంత జరిగినా ఊరు మునగలేదు. ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి, జనం వస్తున్నారు, పన్నులు పెరుగుతున్నాయి. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం మనిషి చిన్న జబ్బులను లెక్కచేయనట్టే, ఎదుగుతున్న నగరం దొంగతనాన్ని కూడా అరిగించుకుంటుందని ఈ పాత కథలు నాకు చెప్పాయి.

పెద్దాయనకు ఎక్కువ కోపం తెప్పించే పేరు ఒక దొంగది కాదు. ఆల్బర్ట్ కోబో 1950లో మేయరై 1957లో పదవిలో ఉండగానే చనిపోయాడు. చేతికి మట్టి అంటని మనిషనీ, లెక్కల్లో దిట్ట అనీ అందరూ ఒప్పుకుంటారు. పెద్దాయన పుట్టి పెరిగిన బ్లాక్ బాటమ్ అనే పేట, దాని పక్కనే దుకాణాలతో, పాటల క్లబ్బులతో కళకళలాడిన హేస్టింగ్స్ స్ట్రీట్, అన్నీ ఆయన హయాంలో సాగిన పట్టణ పునర్నిర్మాణం కింద నేలమట్టమయ్యాయి. హేస్టింగ్స్ స్ట్రీట్ ఉన్న చోట ఇప్పుడు క్రైస్లర్ ఫ్రీవే ఉంది. తెల్లవాళ్ల పేటల్లో ప్రభుత్వ గృహాలు కట్టనివ్వనని చెప్పి గెలిచిన మేయరు కనుక, ఖాళీ చేయించిన నల్లవాళ్లకు ప్రత్యామ్నాయం చూపలేదు. పెద్దాయన ఒకసారి ఆ ఫ్రీవే మీది వంతెన దగ్గర నన్ను నిలబెట్టి, కింద కార్లు పోతున్న మూడో లేన్ వైపు వేలు చూపి, "మా నాన్న మంగలి షాపు అక్కడ ఉండేది" అన్నారు. ఒక్క డాలరు లంచం తీసుకోని మనిషి కూడా ఒక ఊరిని ఇంత నష్టపరచగలడని నాకు అప్పటిదాకా తెలియదు.

నది ఒడ్డున 1960లో కట్టిన పెద్ద సమావేశ భవనానికి ఆ మేయరు పేరే పెట్టారు. 2015 జూలైలో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) మహాసభలు ఆ కోబో సెంటరులోనే జరిగాయి. పట్టుచీరలు, పిల్లల కూచిపూడి గజ్జెలు, భోజనాల వరుసల మధ్య నిలబడి గోడమీది ఆ పేరు చూసినప్పుడు నాకు మంగలి షాపే గుర్తొచ్చింది. వేలాది తెలుగువాళ్లం ఆ తలుపులగుండా వెళ్లి ఉంటాం, ఆ పేరు ఎవరిదని అడిగినవాళ్లు తక్కువ. 2019లో ఆ పేరు తీసేశారు, ఇప్పుడు ఆ భవనానికి ఒక బ్యాంకు పేరు ఉంది.

1967 జూలై అల్లర్ల గురించి పెద్దాయన ఎక్కువ మాట్లాడేవారు కాదు. జెరోమ్ కావనా అనే యువ మేయరు దేశానికే ఆదర్శమని పత్రికలు రాస్తున్న రోజుల్లో, పన్నెండో వీధిలో అనుమతిలేని ఒక మద్యం దుకాణం మీద పోలీసు దాడితో మొదలైన గొడవలో 43 మంది చనిపోయారు. ఆ వారం తాను బస్సు డిపోలోనే పడుకున్నానని మాత్రం చెప్పి ఊరుకునేవారు. తెల్ల కుటుంబాలు శివార్లకు వెళ్లిపోవడం అంతకు పదిహేనేళ్ల ముందే మొదలైంది; ఆ తర్వాత అది పరుగైంది.

కోల్‌మన్ యంగ్ పేరు వచ్చినప్పుడు మాత్రం ఆయన గొంతు మారేది. 1974 జనవరిలో తొలి నల్లజాతి మేయరుగా పదవి చేపట్టి, దొంగలూ రౌడీలూ నగరానికి ఉత్తరపు హద్దైన ఎయిట్ మైల్ రోడ్డు దాటి వెళ్లిపోండని హెచ్చరించి, ఇరవై ఏళ్లు ఏకధాటిగా పాలించాడు. అంతకు ముందు రోజుల్లో రాత్రి షిఫ్టు ముగించుకుని యూనిఫారంలో ఇంటికి నడిచి వెళుతున్న తనను పోలీసులు గోడకు తిప్పి నిలబెట్టేవారనీ, యంగ్ వచ్చాక పోలీసు శాఖలో తన రంగువాళ్లు చేరారనీ, తాను మొదటిసారి ఈ ఊరు తనదని అనుకున్నాననీ పెద్దాయన చెప్పేవారు. ఆ గౌరవాన్ని నేను ఎప్పుడూ తక్కువ చేసి చూడలేదు. 1981లో నగరం ఖజానా ఎండిపోయినప్పుడు ఆదాయపు పన్నును 3 శాతానికి పెంచుకోవడానికి జనమే ఓటు వేశారంటే, అది ఆయన మీది నమ్మకమే.

అయితే అదే ఏడాది పోల్‌టౌన్ సంగతి కూడా ఉంది. జనరల్ మోటార్స్ కొత్త కార్ల ఫ్యాక్టరీ కోసం 4,200 మంది ఉంటున్న పేటను, చర్చితో సహా, నగరమే స్వాధీనం చేసుకుని నేలమట్టం చేసి ఇచ్చింది. చెప్పినన్ని ఉద్యోగాలు రాలేదు. 2004లో మిషిగన్ సుప్రీం కోర్టు అలా ప్రైవేటు కంపెనీ కోసం భూమి తీసుకోవడం చెల్లదని తన పాత తీర్పును తానే కొట్టేసింది, అప్పటికి ఆ పేట లేదు. బ్లాక్ బాటమ్ పోగొట్టుకున్న మనిషి పోల్‌టౌన్ గురించి ఏమంటారోనని అడిగితే, పెద్దాయన చాలాసేపు ఆగి, అది తన మేయరు చేసిన తప్పేనని ఒప్పుకున్నారు. యంగ్ మీద ఏనాడూ క్రిమినల్ కేసు పెట్టలేదు, కానీ ఆయన పోలీసు చీఫ్ విలియం హార్ట్ రహస్య పరిశోధన నిధి నుంచి 26 లక్షల డాలర్లు కాజేశాడని 1992లో కోర్టు తేల్చింది. నమ్మినవాడు పక్కనే ఉన్న దొంగను చూడకపోవడం కూడా పాలనలో లోపమే.

చదువయ్యాక 1998లో నాకు డౌన్‌టౌన్‌లోనే ఉద్యోగం దొరికింది. ఆ అక్టోబరులోనే, పదిహేనేళ్లుగా మూతబడి ఉన్న హడ్సన్స్ అనే మహా దుకాణాన్ని మందుగుండు పెట్టి కూల్చారు. నేనూ పెద్దాయనా ఉడ్‌వర్డ్ మీద జనంలో నిలబడి చూశాం. ఆకాశమంత దుమ్ము లేచి మా బట్టలమీద తెల్లగా పడింది. తన భార్యకు పెళ్లి కోటు కొన్నది అక్కడేనని ఆయన మెల్లగా అన్నారు. మేయరు డెనిస్ ఆర్చర్ మర్యాదస్థుడు. ఆయన కాలంలో క్యాసినోలు, బేస్‌బాల్ స్టేడియం వచ్చాయి, శివార్ల వాళ్లు మళ్లీ సాయంత్రాలు ఊళ్లోకి రావడం మొదలైంది. కాస్త ఆశ పుట్టిన రోజులవి. నేను మాత్రం పెళ్లయ్యాక, కారు ఇన్సూరెన్సు భరించలేకా, పుట్టబోయే పిల్లల బడి గురించి ఆలోచించీ, 2000లో ఫార్మింగ్టన్ హిల్స్ అనే శివారుకు మారిపోయాను. పెద్దాయన పెట్టెలు మోయడానికి సాయం చేశారు, ఒక్క మాట అనలేదు. ఇల్లు కొన్ననాటి నుంచి దాని ముందుగా ఎన్ని పెట్టెలు అలా బయటికి వెళ్లాయో ఆయన చూసి ఉన్నారు. నాకు ఆ వెలితి ఈనాటికీ ఉంది.

2001 నవంబరులో క్వామే కిల్‌పాట్రిక్ గెలిచాడు. వయసు 31. తల్లి అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు, మనిషి ఆరడుగుల పైచిలుకు, మాట్లాడితే చర్చి పాస్టరు మాట్లాడినట్టు ఉండేది. పెద్దాయన గడ్డిలో అతని ప్లకార్డు పాతారు. నేను శనివారాలు వెళ్లినప్పుడల్లా ఈ కుర్రవాడు ఊరిని నిలబెడతాడని చెప్పేవారు. 2005లో రెండోసారి కూడా అతనికే ఓటు వేశారు.

2007 వేసవిలో మా అమ్మానాన్నలు మొదటిసారి అమెరికా వచ్చారు. నయాగరా చూపించాను, షికాగో చూపించాను; నాన్నగారికి మాత్రం నేను మొదట అద్దెకున్న ఇల్లు చూడాలని ఉంది. చీకటి పడే వేళకు వెళ్లాం. పెద్దాయన వరండాలో లేచి నిలబడి నాన్నగారికి రెండు చేతులతో షేక్‌హ్యాండ్ ఇచ్చారు. నాన్నగారి ఇంగ్లీషు కచేరీ ఇంగ్లీషు, పెద్దాయన యాస ఆయనకు అంతుపట్టదు, అయినా ఇద్దరూ ప్రజల జీతం తిన్నవాళ్లు కనుక మాట కలవడానికి ఎంతోసేపు పట్టలేదు. తర్వాత నాన్నగారు వీధి చివరి దాకా నడిచి వెళ్లి తిరిగొచ్చారు. మొత్తం 27 స్తంభాలనీ, వాటిలో 10 మాత్రమే వెలుగుతున్నాయనీ, ఆరిన వాటిలో నాలుగింటికి కింద తలుపు విరిచి రాగి తీగలు లాగేశారనీ చెప్పారు. "చీటీ రాసేవాడు లేడా?" అని నన్ను అడిగారు. ఆ ప్రశ్నను పెద్దాయనకు అనువదించి చెప్పాను. ఆయన తల వంచుకున్నారు.

ఆ రాత్రి వాళ్లిద్దరూ పింఛన్ల గురించి మాట్లాడుకున్నారు. పింఛను అనేది సర్కారు దయ కాదు, పనిచేసే రోజుల్లో చేతికివ్వకుండా అట్టిపెట్టిన జీతం అని నాన్నగారు అన్నారు. పెద్దాయనకు ఆ మాట ఎంత నచ్చిందంటే, నన్ను మళ్లీ చెప్పమని అడిగి, తర్వాత తానే ఒకసారి పలికి చూసుకున్నారు.

మరుసటి జనవరిలో డిట్రాయిట్ ఫ్రీ ప్రెస్ పత్రిక మేయరు ఫోను సందేశాలను బయటపెట్టింది. తన చుట్టూ ఉన్నవాళ్ల అక్రమాల మీద విచారణ చేయబోయిన పోలీసు అధికారులను తప్పించిన కేసులో, అతను ప్రమాణం చేసి చెప్పినది అబద్ధమని ఆ సందేశాలు తేల్చాయి. ఆ కేసు పరిష్కారానికి నగరం 84 లక్షల డాలర్లు చెల్లించింది. 2008 సెప్టెంబరులో నేరం ఒప్పుకుని రాజీనామా చేశాడు. ఇది మొదటి పొర మాత్రమే. ఫెడరల్ కోర్టులో 2012లో మొదలైన విచారణ ఆర్నెల్లు సాగి, 2013 మార్చి 11న 24 నేరాలు రుజువయ్యాయి. అక్టోబరులో 28 ఏళ్ల శిక్ష పడింది. స్నేహితుడైన కాంట్రాక్టరు బాబీ ఫెర్గసన్‌కు 21 ఏళ్లు. మనవాళ్లకు తెలిసిన పద్ధతే అది: టెండరు ఎవరు గెలిచినా ఫెర్గసన్‌కు వాటా ఇవ్వకపోతే సంతకం పడదు. అందులో ఎక్కువ భాగం నీళ్లు, మురుగునీటి శాఖ పనులు.

ఈ నీళ్ల శాఖ సంగతి మా తెలుగు కుటుంబాలకు నేను ఎప్పుడూ విడిగా చెబుతాను. డిట్రాయిట్ గొడవలు డిట్రాయిట్ వాళ్లవి, మనం ఎయిట్ మైల్‌కు ఇవతల ఉన్నాం అనుకునేవాళ్లు మాలో చాలామంది. అయితే ఆ రోజుల్లో నోవై, కాంటన్, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్, ఎక్కడ కుళాయి తిప్పినా వచ్చినవి డిట్రాయిట్ శాఖ పంపిన నీళ్లే. చుట్టుపక్కల 40 లక్షల మంది ఆ ఒక్క వ్యవస్థ మీదే ఆధారపడ్డారు. 2004లో స్టెర్లింగ్ హైట్స్‌లో ఫిఫ్టీన్ మైల్ రోడ్డు కింద పెద్ద మురుగు కాలువ కూలి గొయ్యి పడినప్పుడు, ఆ మరమ్మతు కాంట్రాక్టు కూడా ఈ విచారణలో సాక్ష్యంగా వచ్చింది. మా వంటింటి సింకులో బియ్యం కడిగిన నీళ్లకు కూడా మేము కమీషను కట్టామన్నమాట.

కిల్‌పాట్రిక్ దోచుకున్న సొమ్ముతో డిట్రాయిట్ దివాలా తీసిందని నేను నమ్మను. 2013 జూలై 18న దివాలా పిటిషను వేసేనాటికి అప్పులూ బాధ్యతలూ కలిపి సుమారు 1,800 కోట్ల డాలర్లు. అరవై ఏళ్లుగా జనం వెళ్లిపోవడం, ఫ్యాక్టరీలు తరలిపోవడం, రాష్ట్రం ఇచ్చే వాటా తగ్గడం, పింఛన్లకు సరిపడా పక్కన పెట్టకపోవడం, ఇవన్నీ ఆ కొండలో రాళ్లు. అయినా 2002 నుంచి 2008 వరకు గడిచిన ఆ ఆరేళ్లు ఊరు తేరుకోవడానికి మిగిలిన చివరి అవకాశం అని నా అభిప్రాయం. ఆ అవకాశంలో చేసిన పని ఏమిటంటే, 2005లో పింఛను నిధుల లోటు పూడ్చడానికి 144 కోట్ల డాలర్లు, వడ్డీరేట్లతో ముడిపడ్డ చిక్కు ఒప్పందాలతో అప్పు తేవడం. 2008లో వడ్డీరేట్లు పడిపోయేసరికి ఆ ఒప్పందాలు ఉరితాళ్లయ్యాయి. చివరికి క్యాసినోల నుంచి వచ్చే పన్నును తాకట్టు పెట్టవలసి వచ్చింది. ఆ అప్పు చట్టప్రకారమే చేశారు, దానికి ఎవరికీ శిక్ష పడలేదు. తెలివైనవాళ్ల కళ్లన్నీ టెండర్ల వాటాల మీద ఉన్నప్పుడు ఇటువంటి కాగితాలను గట్టిగా ప్రశ్నించేవాడు ఎవడుంటాడు? నీళ్ల శాఖలోని మురుగు బురద కాంట్రాక్టుకు లంచం తీసుకుని కౌన్సిల్ సభ్యురాలు కూడా 2009లో నేరం ఒప్పుకుంది. కంచే చేను మేసిందని మనం అనేది దీన్నే.

దొంగతనం కన్నా పెద్ద నష్టం నాకు పెద్దాయన వరండాలో కనబడింది. 2008 శీతాకాలంలో ఆయన ఓటు గురించి మాట్లాడడం మానేశారు. గడ్డిలో ప్లకార్డు పెట్టలేదు. దీపం గురించి ఫిర్యాదు చేయమంటే, చేస్తే ఏమవుతుందని అడిగారు. బాస్కెట్‌బాల్ ఆటగాడు డేవ్ బింగ్ మేయరై నిజాయితీగా కష్టపడినా, ఆ కుర్చీ మీద నమ్మకం తిరిగి తేవడం ఆయన తరం కాలేదు. దివాలానాటికి నగరంలో దాదాపు 40 శాతం వీధి దీపాలు వెలగడం లేదు.

అప్పులవాళ్లు నగరం సొంతమైన ఆర్ట్ మ్యూజియంలోని చిత్రాలను అమ్మమన్నారు. డియేగో రివేరా ఆ మ్యూజియం గోడల నిండా 1932, 33లలో వేసిన కార్ల ఫ్యాక్టరీ కార్మికుల చిత్రాల ముందు నేను మా పిల్లలను ఎన్నో ఆదివారాలు కూర్చోబెట్టాను. ఫౌండేషన్లు, రాష్ట్రం, మ్యూజియం కలిసి 81.6 కోట్ల డాలర్లు సమకూర్చడానికి ముందుకొచ్చి, చిత్రాలను కాపాడి, పింఛన్ల కోతను తగ్గించాయి. తగ్గించాయే గాని ఆపలేదు. 2014లో పెద్దాయన నాకు ఫోను చేసి, ఒక ఉత్తరం వచ్చింది, చదివి అర్థం చెప్పమని పిలిచారు. నలభై పేజీలకు పైగా ఉంది. నేను చదివి చెప్పినది రెండు మాటలే: నెల పింఛనులో 4.5 శాతం కోత, ధరలతో పాటు ఏటా పెరిగే భత్యం పూర్తిగా రద్దు. ఆరోగ్య బీమా సంగతి మరో ఉత్తరంలో వచ్చింది. ఆయన వయసు అప్పటికి 80. నా చేతిలోంచి కాగితాలు తీసుకుని, మడతలు సరిచేసి, మళ్లీ కవరులో పెట్టి, మా నాన్నగారు చెప్పిన మాట గుర్తుందా అని అడిగారు.

తర్వాతివి అందరికీ తెలిసిన సంగతులే. మైక్ డగ్గన్ 2014లో మేయరయ్యాడు, పన్నెండేళ్లు ఉన్నాడు. 2021 జనవరిలో అధ్యక్షుడు ట్రంప్ పదవి దిగిపోయే రోజున కిల్‌పాట్రిక్ శిక్షను తగ్గించి విడుదల చేశాడు. 1957 తర్వాత మొదటిసారి నగర జనాభా కొద్దిగా పెరిగిందని 2024లో లెక్క వచ్చింది. 1988 నుంచి పాడుబడి ఉన్న సెంట్రల్ రైల్వే స్టేషన్‌ను ఫోర్డ్ కంపెనీ బాగుచేసి అదే ఏడాది తెరిచింది, మా పిల్లలతో వెళ్లి చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

కానీ నేను ఎక్కువగా తలచుకునేది 2016 డిసెంబరు. నగరమంతా 65,000 కొత్త ఎల్ఈడీ దీపాలు పెట్టడం పూర్తయిందని ప్రకటించిన వారం, పని ముగించుకుని నేరుగా ఆ వీధికి వెళ్లాను. మంచు మీద ఆ తెల్లటి వెలుగు పడి, పెద్దాయన ఇంటి ముందు పగలులా ఉంది. ఆయన బయటికి వచ్చారు, చేతికర్ర పట్టుకుని నాతో పాటు వీధి చివరి దాకా నడిచారు, ఇద్దరం పైకి చూస్తూ లెక్కపెట్టాం. అక్కడి నుంచే నాన్నగారికి ఫోను చేశాను. మన ఊళ్లో అప్పుడు తెల్లవారుతోంది.

"పంతొమ్మిది స్తంభాలు నాన్నా, పంతొమ్మిదీ వెలుగుతున్నాయి" అన్నాను.

"ఇరవై ఏడు ఉండాలి కదరా" అన్నారు ఆయన, తొమ్మిదేళ్ల క్రితం లెక్క మరచిపోకుండా. కొత్త దీపాలకు వెలుగెక్కువ కనుక స్తంభాలు దూరం దూరంగా వేశారనీ, నగరం మొత్తం మీదే పాత 88,000 దీపాలను 65,000కు తగ్గించారనీ చెప్పాను. సరేనన్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆయన పింఛను కోశారన్నావు, అది మళ్లీ వేశారా?" అని అడిగారు.

పెద్దాయన నా పక్కనే నిలబడి, మా మాటలు అర్థం కాకపోయినా నా మొహం చూస్తున్నారు. లేదు నాన్నా, అది వేయలేదు అని చెప్పాను.